అసలు రంగు డిక్కీలో వుంది!

సినిమాల్లో విలన్ అసలు రంగు ఆఖరి రీళ్ళలో బయటపడుతుంది. కారు అసలు రంగు బయటపడాలంటే మాత్రం డిక్కీ మూత ఎత్తాలి, లోపలి మ్యాట్ పీకాలి, అద్దం చుట్టూ వున్న రబ్బరు వూడదియ్యాలి. అప్పుడుగాని నిజం చెప్పదు!

ఈ మాట నాది కాదు. రాజమండ్రిలో పాత కార్లకి రంగులు వేసే ఓ మేస్త్రిగారిది. (ఊరు రికార్డుల్లో 2015లో రాజమహేంద్రవరం అయింది గాని, ఆయన షెడ్డు బోర్డు మీద మాత్రం ఇంకా రాజమండ్రే.) పేరు వెయ్యొద్దన్నారు. "పేరేస్తే పనెక్కువైపోద్దండి. ఉన్న నాలుగు కార్లే తెమలట్లేదు" అన్నారు. కాబట్టి ఈ వ్యాసం పొడుగునా ఆయన మేస్త్రిగారే.

పాత కార్లకీ సినిమా పత్రికకీ ఏమిటి సంబంధం అనుకుంటున్నారా? వుందండీ, బోలెడంత వుంది. 2018లో ఒకే ఏడాది ‘రంగస్థలం’, ‘మహానటి’ వచ్చేయి. ఒకటి 1980ల నాటి పల్లె కథ. రెండోది సావిత్రిగారి కథ. అలాంటి కథలు తీసేవాళ్ళకి ఆనాటి బళ్ళు కావాలి కదా! పశువుల పాకలో కొబ్బరిమట్టల కింద పడివున్న అంబాసిడర్లనీ ఫియట్లనీ వెతుక్కుంటూ మనుషులు వస్తున్నారు.

మేస్త్రిగారి దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. షూటింగు కోసం "పాతగా కనిపించే రంగు" కావాలనేవాళ్ళు ఒక రకం. "మా నాన్నగారి కారండీ, అప్పుడెలా వుండేదో అచ్చం అలాగే వుండాలి" అనేవాళ్ళు రెండో రకం. మొదటి రకం పని రోజుల్లో తేలిపోతుంది. రెండో రకం పనికి నెలలు పడుతుంది. ఎందుకంటారా? అప్పుడెలా వుండేదో చాలామందికి సరిగ్గా తెలియదు గనక!

అలాంటి కారు ఒకటి ఆ షెడ్డులో వుందని తెలిసి, నేను మూడు నాలుగుసార్లు వెళ్ళి చూసేను. ఆ కథే ఇది.

రంగు వెనక రంగులు

కథలోకి వెళ్ళేముందు కాస్త వెనక్కి వెళ్దాం. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన మోడల్-టి కారుని 1914 నుంచి 1925 దాకా నల్లరంగులో మాత్రమే అమ్మింది. నలుపు మీద మోజుతో కాదు. ఆ నల్ల ఎనామిల్ చవక, గట్టిది, త్వరగా ఆరుతుంది. మిగతా కంపెనీల రంగుల కార్లకి వార్నిషు పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, ఆరబెట్టి, పాలిష్ పట్టేసరికి వారాలు గడిచేవి.

ఆ ముడి విప్పింది డ్యూపాంట్ కంపెనీ. నైట్రో సెల్యులోజ్‌తో గంటల్లో ఆరిపోయే ‘డ్యూకో’ అనే లక్కర్ తెచ్చింది. 1924 మోడల్ ఓక్లండ్ కారు ‘ట్రూ బ్లూ’ అనే నీలంరంగులో ఆ పూతతోనే వచ్చింది. వందేళ్ళు గడిచినా మన పెయింటర్లు ఇప్పటికీ "డ్యూకో కొట్టడం" అంటున్నారు. అటక మీది బీరువాకి వేసినా డ్యూకోయే, డాక్టరుగారి కారుకి వేసినా డ్యూకోయే!

రంగంటే ఒక్క సోకే కాదు, హోదా కూడా. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌కి వెళితే నిజాం నవాబుల పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. అది 1912 నాటిది. పసుపు అసఫ్‌జాహీల జెండా రంగు. ఆ బండికి నీలం వేసి చూడండి, ఇంజను అదే అయినా అది నిజాం కారు కాదు!

మనలాంటి వాళ్ళ కార్లకి వస్తే, లైసెన్సుల కాలంలో దేశం మొత్తానికి మూడే మూడు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడర్. బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్. మన సినిమావాళ్ళంతా మద్రాసులో వున్న రోజుల్లో ఆ మద్రాసులోనే తయారయిన స్టాండర్డ్ హెరాల్డ్. కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుక్కూచునే రోజులవి. వచ్చిన కారుకి ఏ రంగుంటే ఆ రంగే మహాప్రసాదం. ఫలానా రంగు కావాలని పేచీ పెడితే ఇంకో ఏడాది ఆగాల్సిందే మరి.

ముగ్గురు సాక్షులు

షెడ్డులో వున్నది 1969 నాటి అంబాసిడర్ మార్క్-టూ. కోనసీమ నుంచి వచ్చింది. దాని యజమాని ఓ పల్లెటూరి డాక్టరుగారు. వంతెనలు లేని రోజుల్లో ఈ కారుని పంటు మీద ఎక్కించి, గోదావరి పాయలు దాటి రోగుల్ని చూసొచ్చేవారట. ఆయన పోయి చాలాకాలమయింది. కారు పాకలోకి చేరింది. కోళ్ళు వెనకసీటులో గుడ్లు పెట్టేయి.

ఆయన ఆఖరి కొడుకు హైదరాబాదులో వుద్యోగం చేస్తున్నారు. తల్లికి ఎనభై దగ్గరపడుతోంది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి అమ్మని ఆ కారులోనే తీసికెళ్ళాలని ఆయన కోరిక. "నాన్న తీసికెళ్ళేవారు. ఇప్పుడు నేను తీసికెళ్ళాలి. అంతేనండి" అన్నారు నాతో. ఆ మాట అంటుంటే గొంతు కాస్త జీరపోయింది.

ఇంజను బాగుపడింది. టింకరింగ్ అయింది, సొట్టలు పోయేయి. ఇక రంగు. అక్కడే వచ్చింది తంటా. సాక్షులు ముగ్గురు, ముగ్గురివీ మూడు మాటలు!

మొదటి సాక్షి ఆర్.సి. పుస్తకం. అందులో రంగు కూడా రాస్తారు. కాని ఈ పుస్తకం వరదలో తడిసింది. రంగు అనేచోట సిరా కరిగి పరుచుకుపోయింది. ఆఖర్న ‘గ్రే’ అన్నముక్క ఒక్కటే చదవడానికి వీలుంది. ముందు ఏముందో? బ్లూ గ్రేనా, గ్రీన్ గ్రేనా, వట్టి గ్రేనా? భగవంతుడికే తెలియాలి.

రెండో సాక్షి కొడుకు. "మీగడరంగండీ, ఏమాత్రం సందేహం లేదు. ఆ కారులోనే స్కూలుకి వెళ్ళేను, సినిమాలకి వెళ్ళేను. నాకు తెలీదా?"

మూడో సాక్షి తల్లి. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంతా విని, చల్లగా అన్నారావిడ. "కాదురా నాన్నా. మీ నాన్న తెచ్చిననాడు అది మీగడరంగు కాదు. గోరింకగుడ్డు రంగు."

గోరింకగుడ్డు ఎప్పుడయినా చూసేరా? లేత నీలం. అందులో రవంత పచ్చదనం. దానిమీద పల్చగా బూడిద చల్లినట్టుంటుంది. పెయింటు కంపెనీల క్యాటలాగుల్లో ఆ పేరు వుండదుగాని, అంతకంటే కచ్చితంగా చెప్పడం ఎవరివల్లా కాదు.

సినిమా సాక్ష్యం చెల్లదు

కొడుకు వూరుకోలేదు. సెల్‌ఫోను తీసి ఓ పాత రంగుల సినిమాలోని బొమ్మ చూపించేరు. హీరోగారు దిగుతున్న అంబాసిడర్ గులాబీచాయ కలిసిన మీగడరంగులో మెరిసిపోతోంది. "సరిగ్గా ఇదేనండి మా కారు!"

మేస్త్రిగారు కళ్ళజోడు పెట్టుకుని చూసేరు. "బాబుగారూ, కారు సంగతి తరవాత. హీరోగారి వెనకాల కొబ్బరాకులు చూడండి. ఏ రంగులో వున్నాయి?"

గోధుమరంగులో వున్నాయి.

"ఆయన పంచె?"

గులాబీరంగులో వుంది.

"మన వైపు కొబ్బరాకు ఎర్రగా వుంటాదాండి? సినిమా చూసి రంగు కలపడమంటే మేకప్ చూసి పిల్లని ఖాయం చేసుకోవడమేనండి!"

ఆయన అన్నది హాస్యానికే అయినా, అందులో సినిమావాళ్ళందరికీ తెలిసిన చేదు నిజం వుంది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం 1963లో వచ్చిన ‘లవకుశ’. సాంఘికాల్లో తొలి రంగుల చిత్రం 1965 నాటి ‘తేనెమనసులు’. దాని దర్శకులు ఆదుర్తి సుబ్బారావుగారు ఈ రాజమండ్రిలో పుట్టినవారే. అందులో కృష్ణగారు స్కూటరు మీద కారుని వెంబడించి, డూప్ లేకుండా దానిమీదికి దూకిన సన్నివేశమే ఆయనకి ‘గూఢచారి 116’ తెచ్చిపెట్టింది.

ఆనాటి ప్రేక్షకులు హాల్లో చూసిన రంగులు వేరు, పాత ప్రింట్లలో ఇవాళ మిగిలిన రంగులు వేరు. ఈస్ట్‌మన్‌కలర్ ప్రింటులో మూడు అద్దకాలుంటాయి. పసుపు, ముదురు గులాబీ, ఆకాశనీలం. పాతకాలపు ప్రింటు ఫిల్ములో చాలావాటికి ఆకాశనీలం అద్దకం ముందుగా వెలిసిపోతుంది. మిగిలింది ఎర్రదనం. అందుకే పాత ప్రింటులో మనుషులంతా జ్వరమొచ్చినట్టు ఎర్రగా వుంటారు. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ 1980లో ఈ వెలిసిపోయే ఫిల్ము మీద పెద్ద గొడవే చేశారు. ఆ తరవాత మెరుగైన ప్రింటు ఫిల్ము వచ్చింది. కాని అప్పటికే వెలిసిపోయినవి వెలిసిపోయాయి. అలాంటి ప్రింటు నుంచి వీడియోకి ఎక్కించిన బొమ్మలో మీగడరంగుగా కనిపించే కారు అసలు తెల్లకారే అయివుండచ్చు!

ఇక నలుపు తెలుపు చిత్రాల మాట సరేసరి. ఆ నెగటివ్‌లో రంగు వుండదు, వెలుగు నీడల మోతాదే వుంటుంది. ఒక ఎరుపూ ఒక పచ్చా ఒకే బూడిదరంగులా పడచ్చు. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో వచ్చినప్పుడు మనమంతా మురిసిపోయి చూశాం. ఆ రంగులు తరవాతివాళ్ళు కూర్చుని ఆలోచించి ఎంచుకున్నవి. నెగటివ్ చెప్పినవి కావు. సినిమాకి అది చాలు. డాక్టరుగారి కారుకి చాలదు.

కారు నోరు విప్పింది

"మనుషులు మర్చిపోతారండి. కారు మర్చిపోదు" అని మేస్త్రిగారు పనిలోకి దిగేరు.

ఆయన ముందు చూసింది డిక్కీ. ‘ముత్యాలముగ్గు’ (1975)లో రావుగోపాలరావుగారి కాంట్రాక్టరు పుణ్యమా అని డిక్కీ అంటేనే మన జనానికి నవ్వూ భయమూ రెండూ వస్తాయి. మేస్త్రిగారికి మాత్రం డిక్కీ అంటే దస్తావేజుల పెట్టె. ఎందుకంటే రంగుకి శత్రువు ఎండ. బానెట్టూ టాపూ రోజంతా ఎండలో మాడతాయి. తలుపులు కొంచెం తక్కువ. డిక్కీలో మ్యాట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక, తలుపు లోపలి అట్ట కింద, అద్దం రబ్బరు కింద, రేకు మీద బిగించిన నెంబరు బిళ్ళ కింద మాత్రం ఎండ సోకదు. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ రంగు వేసినవాళ్ళు కూడా అక్కడిదాకా వెళ్ళరు. బద్ధకం! ఆ బద్ధకమే మేస్త్రిగారికి వరం.

తరవాత డిక్కీ మూత అంచున రూపాయి బిళ్ళంత చోటు ఎంచుకున్నారు. సన్నటి వాటర్ పేపరు తడిపి, గుండ్రంగా, నెమ్మదిగా, తొందరలేకుండా రుద్దేరు. ఉల్లిపాయ అడ్డంగా కోస్తే చక్రాలు కనిపిస్తాయే, అలా పొరలు బయటపడ్డాయి. అన్నిటికంటే పైన మాసిన తెలుపు. దానికింద మీగడరంగు. దానికింద లప్పం. ఆ లప్పం కింద...

"అమ్మగారూ, ఓసారి ఇలా రండి."

ఆవిడ చేతికర్ర పట్టుకుని వచ్చి వంగి చూసేరు. ఏమీ అనలేదు. చీర చెంగుతో ఆ చక్రాన్ని సున్నితంగా తుడిచేరు. లప్పం కిందినుంచి గోరింకగుడ్డు రంగు తొంగిచూస్తోంది. దాని కింద ప్రైమరు. ఆ కింద రేకు. అంటే ఫ్యాక్టరీ వేసిన రంగు అదే.

మరి మీగడరంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికీ కారే జవాబు చెప్పింది. డిక్కీ పక్క మడతలో, స్టెప్నీ చక్రం వెనక, ఎండిన ఒండ్రు గీత ఒకటి వుంది. గోదావరి మట్టి! 1986 ఆగస్టులో వచ్చిన వరద ఈ జిల్లాలవాళ్ళు ఎవరూ మర్చిపోలేరు. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారింది. గట్లు తెగేయి, లంకలు మునిగేయి. డాక్టరుగారి కారు కూడా మునిగింది. నీళ్ళు తీసేక తుప్పుపట్టిన చోటల్లా గీకించి, లప్పం పెట్టించి, దొరికిన మీగడరంగు వేయించేరాయన. అప్పటికి ఆఖరి కొడుక్కి రెండేళ్ళు. ఆయనకి తెలిసిన కారంతా వరద తరవాతి కారే.

అంటే కొడుకు చెప్పిందీ అబద్ధం కాదు, తల్లి చెప్పిందీ అబద్ధం కాదు. ఇద్దరూ చూసింది ఒకే కారుని, వేర్వేరు పొరల్లో!

మ్యాచింగ్ సెంటర్ విద్య

రంగు తెలిసింది కదా, ఇక కలిపేస్తే సరిపోదా? అక్కడికే వస్తున్నా.

ఇవాళ పెయింటు షాపుల్లో రంగుని చదివే పరికరం వుంది. పేరు స్పెక్ట్రో ఫోటోమీటర్. అరచేతిలో పట్టుకుని రేకుమీద ఆనిస్తే, ఏ వెలుగు ఎంత తిరిగివస్తోందో కొలిచి, ఏయే రంగులు ఎన్నెన్ని గ్రాములు కలపాలో కంప్యూటరు చెప్పేస్తుంది. ఎంత తేడా మిగిలిందో అంకెలో కూడా చెబుతుంది. ఆ అంకె ఒకటి లోపు వుంటే మామూలు కంటికి తేడా అందడం కష్టం.

"మంచి మిషనేనండి. కాని మాసిన మొహం చూపిస్తే మాసిన మొహమే కొలుస్తాది" అన్నారు మేస్త్రిగారు. పాత పెయింటు పైపొర ఏళ్ళు గడిచేసరికి సున్నంలా పొడిబారుతుంది. అలాగే కొలిస్తే అసలుకంటే తెల్లగా, నీరసంగా వస్తుంది. కాబట్టి ముందు రబ్బింగ్ కాంపౌండుతో మెల్లగా పాలిష్ పట్టి, లోపలి రంగు తేలాక, నాలుగుచోట్ల కొలిచి సగటు తియ్యాలి. ఆయన డిక్కీలో రెండుచోట్ల, డ్యాష్‌బోర్డు వెనక ఒకచోట, రబ్బరు కింద ఒకచోట కొలిపించేరు.

షాపువాళ్ళు కలిపిచ్చిన రంగు దగ్గరగా వచ్చిందిగాని, మరీ కడిగిన ముత్యంలా వుంది. ఇప్పటి నీలాలూ పచ్చలూ బాగా శుభ్రమైనవి. పాత రంగులో కాస్త మట్టివాసన వుండాలి. అందుకు మేస్త్రిగారు నలుపు పొయ్యలేదు. ఎర్రమన్ను రంగు పుల్లతో ముంచి ఒక్క చుక్క వేసేరు. నీలం పచ్చల మిడిసిపాటుని ఎరుపు అణుస్తుందట. చుక్క వేసిన ప్రతిసారీ డబ్బాని తూకం మీద పెట్టి, ఎంత పెరిగిందో నోటుపుస్తకంలో రాసుకున్నారు. "చెంచాలతో కలిపితే ఇవాళ వస్తాది, రేపు రాదండి. రేపు మడ్‌గార్డుకి గీత పడితే మళ్ళీ ఇదే రంగు రావాలి కదా!"

తడిరంగు చూసి ఏదీ తేల్చకూడదు. చాలా రంగులు ఆరేక కాస్త ముదురుతాయి. అందుకని రేకుముక్కల మీద, కారుకి వేసిన ప్రైమరే ముందు వేసి, దానిమీద స్ప్రే కొట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, అప్పుడు పోల్చాలి. అలాంటి రేకులు పదకొండు తయారయ్యాయి.

పోల్చేది ఎక్కడ? ట్యూబులైటు కింద సరిపోయిన రెండు రంగులు ఎండలోకి వెళ్ళగానే విడాకులు తీసుకుంటాయి. మన ఆడవాళ్ళకి ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పక్కర్లేదు. తాడితోట బట్టల మార్కెట్లో జాకెట్టుముక్క కొనే ఆవిడని చూడండి. చీరా ముక్కా రెండూ పట్టుకుని షాపు గుమ్మం దాటి వీధివెలుగులోకి వచ్చి చూసుకుంటుంది. మ్యాచింగ్ సెంటర్‌వాడు లోపలినుంచి ఎంత మొత్తుకున్నా వినదు! మేస్త్రిగారూ అంతే. రేకుల్ని షెడ్డు బయటికి తెచ్చేరు. చెట్టునీడలో చూడలేదు, ఆకుల పచ్చదనం రంగు మీద పడుతుందని. నీలం టార్పాలిను కింద చూడలేదు. ఆరుబయట, ఎండ నేరుగా పడని చోట, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసేరు.

తల్లిగారిని కూడా పిలిచేరు. ఆవిడ మూడోరేకు మీద వేలుపెట్టేరు. అది పొరలో వున్నదానికంటే కాస్త నీలం. మేస్త్రిగారు మెల్లగా అడిగేరు. "అమ్మగారూ, కళ్ళకి ఆపరేషను అయిందాండి?"

అయిందట, శుక్లాలకి. కంటిలోని పాత కటకం ముసలితనంలో పసుపుబారుతుంది. అది తీసి కొత్తది పెట్టగానే నీలాలు ఒక్కసారి మెరుస్తాయి. ఆపరేషను చేయించుకున్నవాళ్ళు "ఇంట్లో గోడలు ఇంత తెల్లగా వుండేవా!" అని ఆశ్చర్యపోయేది అందుకే. ఏ రంగో చెప్పడానికి ఆవిడ జ్ఞాపకం అక్కరకి వచ్చింది. అందులో ఎంత చాయో తేల్చడానికి మాత్రం పొరనే నమ్మేరు మేస్త్రిగారు. ఏడోరేకు ఖాయమయింది.

ఎవరి రంగు అసలు రంగు?

ఇంత అయ్యాక, రంగు కొట్టే ముందురోజు కొడుకు వెనకాడేరు. నాకు అందులో ఆశ్చర్యం కనిపించలేదు.

"మేస్త్రిగారూ, ఫ్యాక్టరీ రంగు ఇదే, ఒప్పుకుంటాను. కాని నాకు తెలిసిన నాన్న మీగడరంగు కారులోంచే దిగేవారు. గోరింకగుడ్డు రంగు కారులో కూర్చుంటే ఎవరో వేరేవాళ్ళ కారులో వున్నట్టుంటుందేమోనండి."

మేస్త్రిగారు తల దించుకుని స్ప్రేగన్ తుడుచుకున్నారు. "ఏది ముందో ఏది వెనకో చెప్పడం నా పనండి. ఏది కావాలో చెప్పడం మీ పని."

చట్టం చూస్తే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే వుండి, ఛాసిస్‌కీ బాడీకీ ఇంజనుకీ పెద్ద మార్పులు చెయ్యని బండికి ‘వి.ఎ.’ అనే అక్షరాలతో నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది. కాని ఆ నెంబరు బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే రోడ్డెక్కించాలి. రోజువారీ తిరగడానికి గాని, కిరాయికి గాని పనికిరాదు. వీళ్ళు మామూలు రిజిస్ట్రేషనే వుంచుకున్నారు. తీర్థానికి వెళ్ళాలి కదా! రంగు మారితే మాత్రం ఆర్.టి.ఓ. ఆఫీసులో చెప్పి పుస్తకంలో రాయించుకోవాలి.

అంటే చట్టం ఈ తగువు తీర్చలేదు. తీర్చింది తల్లిగారు.

"ఒరే నాన్నా, గోరింకగుడ్డు రంగు మీ నాన్న కొనుక్కున్నది. మీగడరంగు గోదారి వేయించింది. ఆయనకది ఎప్పుడూ నచ్చలేదు. డబ్బులుంటే పాతరంగే వేయిద్దాం అనేవారు. వుండేవి కావు. మీ చదువులు కదా."

కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకటే అడిగేరు. "అంతా కప్పెయ్యొద్దండి. ఎక్కడో కాస్త మీగడరంగు కూడా వుంచండి."

అలాగే చేసేరు మేస్త్రిగారు. డిక్కీ మూత లోపలివైపు జానెడు చోటుని ముట్టుకోలేదు. తెలుపు, మీగడ, లప్పం, గోరింకగుడ్డు, ప్రైమరు వరసగా కనిపించేలా వదిలేసేరు. ఒండ్రు గీత కూడా అలాగే వుంది. రేపు మనవలెవరయినా అడిగితే, మూత ఎత్తి చూపించచ్చు.

తేమతో తగువు

రంగు కొట్టడానికి కార్తీకం వెళ్ళేదాకా ఆగేరు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తేమలో పాతరకం లక్కరు కొడితే ఆరేటప్పుడు పైన తెల్లటి పొగలా కమ్ముతుంది. నెమ్మదిగా ఆరే థిన్నరు వాడితే కొంత తగ్గుతుందిగాని, పొడివాతావరణానికి సాటిరాదు. మంచు విడిచేక, పదిగంటలకి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించేవారు. నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణిచేవారు. పక్కన కోతలు, మిల్లుల వూక. ఒక్క నలుసు తడిరంగు మీద వాలితే మళ్ళీ మొదటికి!

ఇప్పటి హార్డెనర్ కలిపే పెయింటు గట్టిగా వుంటుంది, అద్దంలా మెరుస్తుంది. మేస్త్రిగారు అదే వాడేరు. కాని ఆ మెరుపు పాత కారుకి నప్పదని, సన్నటి పేపరుతో తేలిగ్గా రుద్ది పాలిష్ పట్టి నిగనిగ తగ్గించేరు. "తాతగారికి మనవడి విగ్గు పెట్టినట్టుండకూడదండి" అన్నారు.

మూతికి మాస్కు లేకుండా కుర్రాళ్ళని షెడ్డులోకి రానివ్వలేదు. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు వూపిరితిత్తుల్ని పాడుచేస్తాయి. పాత పొరల్లో సీసం వుండే అవకాశం వుంది, అందుకే పొడిగా గీకకుండా తడిపి రుద్దాలి. "మా గురువుగారి రోజుల్లో ముక్కుకి తువ్వాలు కట్టుకోవడమే. ఆయన దగ్గుతో పోయేరు" అని మాత్రం అని వూరుకున్నారు.

షూటింగుకి కారు ఇస్తున్నారా?

మీ ఇంట్లోనూ పాత కారు వుండి, సినిమావాళ్ళు అడిగితే సంతోషంగా ఇవ్వండి. తెరమీద మన కారు కనిపిస్తే ఆ సరదాయే వేరు. కాని రెండు జాగ్రత్తలు. "కథకి ఎర్రకారు కావాలి, షూటింగు అవగానే మళ్ళీ మీ రంగు వేసిస్తాం" అంటే తొందరపడి తలూపకండి. ఓ యూనిట్‌కి అలా ఇచ్చిన ఒకాయన కారు తిరిగొచ్చేసరికి, పాతపొరలన్నీ రేకుదాకా గీకేసి వున్నాయట. ఇక దాని అసలు రంగు ఏదో చెప్పగలిగే దిక్కులేదు. రంగు స్టిక్కరు అంటించినా, పీకేటప్పుడు పాత పెయింటు పెచ్చులుగా వూడొచ్చే ప్రమాదం వుంది. ముందు కనిపించని మూల చిన్నముక్క అంటించి పీకి చూడమనండి.

రెండోది, రంగు పని మొదలుపెట్టేముందు పెయింటరు చేత ఎక్కడా ఏదీ గీకించకండి. డిక్కీ, డ్యాష్‌బోర్డు వెనక, రబ్బరు కింద చూసి, ఫోటోలు తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వాళ్ళు చెప్పే మాటలు రాసుకోండి. గోరింకగుడ్డు అన్నా, గుమ్మడిపువ్వు అన్నా నవ్వకండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ పద్మిని అంతకుముందే ఆగింది. అడగడానికి ఫ్యాక్టరీ లేదు. చెప్పగలిగిన పెద్దవాళ్ళు కూడా ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

డాక్టరుగారి కారు మాఘమాసానికి సిద్ధమయింది. మేస్త్రిగారు తాళాలతోపాటు ఓ కవరు కూడా ఇచ్చేరు. అందులో గ్రాముల లెక్క రాసిన కాగితం, ఏడోనెంబరు రేకుముక్క వున్నాయి. "కారు పత్రాలతో కలిపి వుంచుకోండి బాబుగారూ, ఎండ తగలకుండా" అన్నారు. తల్లిగారు ముందుసీటులో కూర్చున్నారు. కొడుకు తాళం తిప్పేరు. అంబాసిడర్ ఓసారి దగ్గి, గొంతు సవరించుకుని, అంతర్వేది దారి పట్టింది.